మాంద్యం రోజుల్లో ఆడపిల్లల బోర్డింగ్ స్కూళ్లు: ఫీజు కట్టలేని పిల్ల ఏమయ్యేది?

మల్లెపందిరి

1930ల మహా మాంద్యం గురించి ఎక్కడ చదివినా మూతపడ్డ ఫ్యాక్టరీలు, రొట్టె కోసం వరసలు కట్టిన మగవాళ్లు, బ్యాంకుల ముందు గుమిగూడిన జనమే కనిపిస్తారు. అమెరికాలో 1933 నాటికి దాదాపు ప్రతి నలుగురు కార్మికుల్లో ఒకరికి పని లేదు. ఆ ఒకరి కూతురు అప్పటికే ఎక్కడో బోర్డింగ్ స్కూల్లో చదువుతుంటే? టర్మ్ మధ్యలో ఇంటి నుంచి ఉత్తరం వస్తుంది, నాన్న పని పోయిందని. ఆ పిల్లని వెంటనే పంపించేసేవాళ్లా? ఉంచుకుంటే ఆ ఖర్చు ఎవరు భరించారు? తోటి పిల్లలకి ఈ సంగతి తెలిసేదా?

ఎవరికైనా ఏమైనా తెలిస్తే రాయండి. మాంద్యం ఎందుకొచ్చింది, ఎలా పోయింది అనే పెద్ద చర్చ వద్దు. హాస్టల్ గోడల లోపల ఏం జరిగిందో తెలుసుకోవాలని ఉంది.

లెక్కలమాస్టారు

లోపల ఏం జరిగిందో అర్థం కావాలంటే ముందు స్కూలు జమాఖర్చు చూడాలండీ. బోర్డింగ్ స్కూలు ఖర్చులో పెద్ద వాటా పిల్లల సంఖ్యని బట్టి మారదు. భవనం అప్పు, చలికాలం బొగ్గు, వంటవాళ్లు, టీచర్ల జీతాలు... అరవై మంది ఉన్నా యాభై మంది ఉన్నా ఇంచుమించు ఒకటే. పది మంది వెళ్లిపోతే పది ఫీజులూ పోతాయి, మిగిలేది మాత్రం ఆ పది మంది తిండి ఖర్చే. అందుకే సగం ఫీజు ఇస్తానన్న తండ్రికి సరేననడం స్కూలుకీ మంచిదే. ఖాళీ మంచం పైసా తీసుకురాదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, సాయం చేయాల్సిన నిధులు కూడా అప్పుడే ఎండిపోయాయి. పాత విద్యార్థినులు, దాతలు ఇచ్చిన డబ్బుని స్కూళ్లు షేర్లలో, బాండ్లలో పెట్టి, వచ్చిన రాబడితో స్కాలర్‌షిప్పులు ఇచ్చేవి. అమెరికా షేర్ల ధరల్ని చూపించే డౌ జోన్స్ సూచీ 1929 సెప్టెంబరులో 381 దాకా వెళ్లింది. 1932 జూలైకి 41కి పడిపోయింది. 1930 నుంచి 1933 దాకా సుమారు 9,000 బ్యాంకులు దివాలా తీశాయి. 1933 మార్చి 6న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దేశంలోని బ్యాంకులన్నీ కొన్నాళ్లు మూయించాడు. ఆ రోజుల్లో ఇంటి నుంచి చెక్కు వచ్చినా దాన్ని మార్చుకునే దారి లేదు. పాలవాడికి, కూరగాయలవాడికి స్కూలు అరువు చెప్పాల్సిందే.

కొన్ని చిన్న కాలేజీలైతే ఫీజు కింద పంట, పశువులు, బొగ్గు కూడా తీసుకున్నాయి. వాటిని మెస్సులోనే వాడేసుకోవచ్చు కదా. రైతు దగ్గర నోట్లు లేకపోవచ్చు, బంగాళదుంపలు ఉంటాయి.

గోరింటాకు

సగం ఫీజు కడుతున్న సంగతి బయటికి పొక్కకుండా చూసేవాళ్లా? నాకు కావాల్సింది ఈ ఒక్క సంగతే.

నేను హాస్టల్లో ఉండి చదువుకున్నదాన్ని. ఫీజు బాకీ ఉన్నవాళ్ల పేర్లు ప్రార్థన అయ్యాక అందరి ముందూ చదివేవారు. పేరు వినపడగానే లేచి నిలబడాలి. మా నాన్న ఆలస్యంగానైనా ప్రతిసారీ కట్టేశారు. కానీ అలా నిలబడ్డ రోజున భోజనాల దగ్గర రెండోసారి వడ్డించమని అడగడానికి నోరు వచ్చేది కాదు. ఎవరూ నన్నేమీ అనలేదు, అయినా అడగలేకపోయేదాన్ని. ఒక పిల్లని స్కూల్లో ఉంచుకోవడం ఒకటి, తలెత్తుకుని ఉండనివ్వడం ఇంకొకటి. అప్పటివాళ్లు ఈ రెండోదాని గురించి ఆలోచించారా?

పాతఅలమారా

గోరింటాకు గారూ, మీరు అడిగినదానికి ఇంకో వందేళ్లు వెనక్కి వెళ్లి జవాబు చెప్తాను. అదీ మాంద్యం కాలమే.

1837 మే 10న న్యూయార్క్ బ్యాంకులు నోట్లకి బదులు బంగారం, వెండి ఇవ్వడం ఆపేశాయి. దేశమంతా వ్యాపారాలు కుదేలయ్యాయి. కోలుకోవడానికి 1840ల దాకా పట్టింది. సరిగ్గా ఆ ఏడాదే నవంబరు 8న మసాచుసెట్స్ రాష్ట్రం సౌత్ హాడ్లీలో మేరీ లయన్ అనే టీచరు ఆడపిల్లల కోసం మౌంట్ హోలియోక్ సెమినరీ అనే బోర్డింగ్ స్కూలు తెరిచింది. అంతకు ముందు ఆమె ఆకుపచ్చ వెల్వెట్ సంచి ఒకటి పట్టుకుని ఊరూరా చందాలకి తిరిగింది. ఇప్స్‌విచ్ ఊళ్లో ఆడవాళ్ల దగ్గరే దాదాపు వెయ్యి డాలర్లు పోగయ్యాయి. సెంట్లలో ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

ఫీజు చదువుకి, బసకి, భోజనానికి కలిపి ఏడాదికి 60 డాలర్లు. అంత తక్కువకి ఎలా కుదిరిందంటే ఇంటిపనికి పనివాళ్లని పెట్టుకోలేదు. ప్రతి పిల్లా రోజుకి గంట సేపు పని చేయాలి. రొట్టె చేయడం, గిన్నెలు కడగడం, ఊడవడం, బట్టలు ఉతకడం, ఇలా పంచుకునేవాళ్లు. మేరీ లయన్ తను తీసుకున్న జీతం కూడా ఏడాదికి 200 డాలర్లే.

ఆ పని పేదపిల్లలకి మాత్రమే కాదు, అందరికీ. 1847లో అక్కడ చేరిన ఎమిలీ డికిన్‌సన్, తర్వాత అంత పేరున్న కవయిత్రి అయింది, స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో తన వంతు పనేమిటో చెప్పింది. పొద్దున, మధ్యాహ్నం మొదటి వరస బల్లల మీది కత్తులు మోసుకెళ్లాలి. రాత్రి అన్నే కత్తులు కడిగి తుడవాలి. ఆమె తండ్రి లాయరు, ఆమ్‌హెర్స్ట్ కాలేజీకి ట్రెజరర్. ఆయన కూతురు కత్తులు కడిగింది, పక్క బల్ల దగ్గర చిన్న రైతు కూతురు కూడా అదే పని చేసింది. ఆరింటికి లేవడం, ఏడింటికి టిఫిన్, ఎనిమిదింటి నుంచి చదువు, తొమ్మిదింటికి ప్రార్థన, మధ్యాహ్నం వ్యాయామం... ఈ టైమ్‌టేబుల్ అందరికీ ఒకటే.

స్కూలు నడిచే పద్ధతే అది కాబట్టి, ఫలానా పిల్ల ఫీజు లేక పని చేస్తోందని వేలెత్తి చూపడానికి వీల్లేదు. గోరింటాకు గారి రెండో సంగతి మేరీ లయన్‌కి తెలుసు అని నా నమ్మకం.

తూరుపుగాలి

పాతఅలమారా గారు రాసింది చదివితే మనసుకి బాగానే ఉంది. కానీ పిల్లల చేత పని చేయించిన బోర్డింగ్ స్కూళ్లన్నీ ఒకటి కాదు. ఇది చెప్పకుండా ముందుకి పోతే నాకు తప్పుగా అనిపిస్తుంది.

అమెరికా ప్రభుత్వం అక్కడి ఆదివాసీ పిల్లల కోసం నడిపిన బోర్డింగ్ స్కూళ్లు చూడండి. సగం పూట క్లాసు, సగం పూట పని. ఆడపిల్లలకి లాండ్రీ, కుట్టు గది, వంటిల్లు. స్కూలుకి కావాల్సిన దుప్పట్లు, యూనిఫాంలు కుట్టేది, ఉతికేది ఆ పిల్లలే. 1928లో వచ్చిన మెరియం నివేదిక ఇదంతా రాసింది. ఒక్కో పిల్ల తిండికి రోజుకి సుమారు 11 సెంట్లు కేటాయించేవారట. ఎదిగే పిల్లలకి అది ఏ మూలకీ చాలదని, పిల్లల శ్రమ లేకపోతే ఆ స్కూళ్లు నడవవని ఆ నివేదికే తేల్చింది. ఇది మాంద్యానికి ముందు మాట.

మాంద్యం వచ్చాక మనసు కలుక్కుమనే సంగతి ఇంకొకటి జరిగింది. ఒకప్పుడు పిల్లల్ని ఆ స్కూళ్ల నుంచి దాచుకున్న జనంలోనే, ఇప్పుడు మా పిల్లని చేర్చుకోండని అడిగిన తల్లిదండ్రులు ఉన్నారు. ఇంట్లో తిండి లేదు, అక్కడైతే రోజూ ఏదో ఒకటి పెడతారు. సొంత భాష మాట్లాడితే శిక్షించిన చోటికే పిల్లని అన్నం కోసం పంపడం. ఆ తల్లి ఏ మనసుతో పంపిందో! 1933లో జాన్ కాలియర్ ఆదివాసీ వ్యవహారాల శాఖ కమిషనర్ అయ్యాక బోర్డింగ్ స్కూళ్లు తగ్గించి ఇళ్ల దగ్గర డే స్కూళ్లు పెంచే ప్రయత్నం మొదలైంది.

గంట పని నేర్పుతుంది, సగం రోజు పని చదువుని తినేస్తుంది. తేడా చూడాల్సింది అక్కడ.

సైకిల్‌బెల్

ఈ రెండింటికీ మధ్యలో నిలబడే స్కూలు ఒకటుంది. జార్జియా రాష్ట్రంలో మార్తా బెర్రీ పెట్టిన బెర్రీ స్కూళ్లు. 1902లో మగపిల్లలకి, 1909లో ఆడపిల్లలకి మొదలుపెట్టింది. కొండ ప్రాంతాల్లో, పల్లెల్లో ఉండే బీదవాళ్ల కోసమే. అక్కడ ఫీజుకి బదులు పని చేయొచ్చు, అందరూ చేయాల్సిందే. ఆడపిల్లలు నేత నేసేవాళ్లు, వంట చేసేవాళ్లు, తమ గౌన్లు తామే కుట్టుకునేవాళ్లు. పొలం వాళ్లదే, పాడి వాళ్లదే.

జార్జియా అంటే పత్తి. 1929లో పౌను పత్తి 17 సెంట్ల దగ్గర ఉన్నది 1931కి 6 సెంట్ల లోపుకి పడిపోయింది. పత్తి రైతు ఇంట్లో కూతురి చదువుకి నోటు అనేది ఇక ఎక్కడుంటుంది? డబ్బుతో నడిచే స్కూళ్లు అలాంటి పిల్లలకి తలుపులు మూసుకున్న రోజుల్లో, పనితో నడిచే స్కూలు తెరిచి ఉంచగలిగింది. హెన్రీ ఫోర్డ్ ఇచ్చిన డబ్బుతో ఆడపిల్లల క్యాంపస్‌లో పెద్ద రాతి భవనాలు లేచింది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. 1930లో దాన్ని నాలుగేళ్ల కాలేజీగా పెంచారు. తూరుపుగాలి గారి మాట నాకు సబబే, కానీ పని లేకపోతే ఆ పిల్లలకి ఆ స్కూలే లేదు. ఇదీ లెక్కలోకి తీసుకోవాలి.

తూరుపుగాలి

తీసుకుంటాను. కానీ ఆ పిల్ల పత్తి చేలో చేసే పనే స్కూల్లో చేస్తే సరిపోదు కదండీ, చదువుకి టైమ్ మిగలాలి. నా ఆరాటమంతా ఆ గంటల గురించే.

నీలిసిరా

మీరందరూ ఫీజు, పని దగ్గరే ఉన్నారు. నేను బట్టల గురించి రాస్తాను. ఆడపిల్లల హాస్టల్లో ఎవరి ఇంట్లో ఎంత ఉందో చెప్పేది బట్టలే.

దుప్పటి ముందు మధ్యలో పలచబడుతుంది, పడుకునేది అక్కడే కాబట్టి. పక్కలు గట్టిగానే ఉంటాయి. చిరగక ముందే దాన్ని నిలువునా మధ్యకి కోసేసి, రెండు పక్కల అంచుల్ని మధ్యకి తెచ్చి కలిపి కుట్టి, పలచబడ్డ భాగాన్ని బయటికి మడిచి కుట్టేవాళ్లు. ఇంగ్లండ్‌లో పొదుపు తెలిసిన ప్రతి ఇంట్లో, ప్రతి హాస్టల్లో చేసే పని ఇది. మధ్యలో ఆ కుట్టు వీపుకి ఒత్తుకుంటూ ఉంటుంది. ఇంకో మూడు, నాలుగేళ్లు దుప్పటి గడుస్తుంది. మేజోళ్ల మడమలకి రఫ్ఫు చేయడం, చొక్కా కాలరు అరిగితే విప్పి తిరగేసి కుట్టడం, గౌను అంచు లోపల దాచిన మడత ఏడాదికోసారి విప్పి పొడుగు పెంచడం. మడత విప్పినచోట పాత రంగు ఒక గీతలా కనపడుతుంది. ఆ గీతలు ఎన్నున్నాయో చూస్తే గౌను ఎన్నేళ్లదో తెలిసిపోతుంది.

అమెరికాలో పల్లె ఇళ్లలో పిండి బస్తాల గుడ్డతో గౌన్లు కుట్టేవారు. తల్లులు అలా వాడుతున్నారని కంపెనీలకి తెలిసి బస్తాల మీద పువ్వుల డిజైన్లు అచ్చు వేయడం మొదలుపెట్టాయి. కంపెనీ పేరు ఉతికితే పోయే సిరాతో వేసేవాళ్లు. పువ్వుల గౌను వేసుకున్న పిల్ల వీపు మీద పిండి కంపెనీ అక్షరాలు కనపడకూడదు కదా. కూతురికి పెట్టె సర్దే ముందు ఆ అక్షరాలు పోయేదాకా ఎన్నిసార్లు ఉతికి ఉంటుందో ఆ అమ్మ.

అందుకే యూనిఫాం విషయంలో నా అభిప్రాయం గట్టిగా ఉంది. యూనిఫాం కొనడం ఇంటికి బరువే. కానీ అది వచ్చాక రోజూ పొద్దున్నే పెట్టె తెరిచి ఏం వేసుకోవాలా అని ఏడ్చే పిల్ల ఉండదు. మాంద్యంలో అక్క యూనిఫాం చెల్లికి, చదువైపోయిన పిల్లది కొత్తగా చేరిన పిల్లకి ఇచ్చే అలవాటున్న స్కూళ్లు చాలా మందిని నిలబెట్టాయి.

గోరింటాకు

నీలిసిరా గారూ, ఆ మడత గీత మాట చదివి కాసేపు అలా ఉండిపోయాను. నా గౌనుకి కూడా ఉండేది. ఎవరూ చూడకుండా బెల్టు కిందకి జరుపుకునేదాన్ని.

పొద్దుతిరుగుడు

బ్రిటన్ సంగతి క్లుప్తంగా. 1931లో ప్రభుత్వం పొదుపు పేరుతో టీచర్ల జీతాలు 10 శాతం కోసింది. 1932లో సెకండరీ స్కూళ్లలో ఉన్న ఉచిత సీట్లని తీసేసి ‘ప్రత్యేక సీట్లు’ అని పెట్టింది. అంటే పరీక్ష పాసైనా సరే, ఇంటి ఆదాయం చూసి ఫీజు ఎంత కట్టాలో తేలుస్తారు. ఇవి ఎక్కువగా డే స్కూళ్ల సంగతులే. కానీ లోపలి బాధ మనం మాట్లాడుకుంటున్నదే. తెలివితో సీటు తెచ్చుకున్న పిల్ల, నాన్న జీతం ఎంతో కాగితం మీద రాసి చూపించాలి. రెండో సంతానం ఆడపిల్ల అయితే, ఇంట్లో కొడుకు కూడా ఉంటే, ఆ మిగిలిన కాస్త డబ్బు ఎటు పోతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

టీచర్ల గురించి కూడా ఒక మాట. బోర్డింగ్ స్కూలు టీచర్లలో ఎక్కువ మంది పెళ్లికాని ఆడవాళ్లు, అక్కడే ఉండేవాళ్లు. జీతం కోసినా గది, భోజనం మిగిలేవి. నగరాల్లో ఆ మాత్రం కూడా లేదు. షికాగోలో టీచర్లకి నెలల తరబడి అసలు జీతాలే రాలేదు. నగదుకి బదులు కాగితం హామీలు ఇచ్చారు. 1933 ఏప్రిల్‌లో వాళ్లు బ్యాంకుల మీదికే ఊరేగింపుగా వెళ్లారు. అలాంటి రోజుల్లో, ఫీజు రాని పిల్ల ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే, తన జీతం తగ్గింది కూడా ఆ అన్నం కోసమేనని తెలిసిన టీచర్లు ఎంతమందో.

పాతఅలమారా

పొద్దుతిరుగుడు గారు టీచర్ల మాట ఎత్తారు కాబట్టి, నాకు గుర్తొచ్చే టీచరు నానీ హెలెన్ బరోస్. 1909లో వాషింగ్టన్‌లో నల్లజాతి ఆడపిల్లలకి బోర్డింగ్ స్కూలు పెట్టింది. ధనవంతుల మీద ఆధారపడకుండా, నల్లజాతి ఆడవాళ్లు ఇచ్చిన చిన్న చిన్న చందాలతోనే మొదలైంది. బైబిలు, స్నానం, చీపురు అని మూడు సూత్రాలు. ‘పూర్తిగా అసాధ్యమైన పనులే మా ప్రత్యేకత’ అన్నది ఆ స్కూలు నినాదం. ఇళ్లలో పనిచేసే అమ్మాయి కూడా తన పనికి సరైన జీతం, మర్యాద అడగగలగాలని ఆమె పట్టుదల. లాండ్రీతో పాటు చరిత్ర కూడా తప్పనిసరిగా చదివించేది, తమ జాతి చరిత్ర.

చందాలిచ్చే చేతులే పని పోగొట్టుకున్నాయి కాబట్టి మాంద్యం ఆ స్కూలుని గట్టిగానే తాకింది. ఆ పరిస్థితిలోనే ఆమె చుట్టుపక్కల కుటుంబాల కోసం ఒక సహకార సంఘం కూడా నడిపింది. తూరుపుగాలి గారి గంటల లెక్కతో చూసినా ఈ స్కూలు నిలబడుతుంది.

తూరుపుగాలి

నిలబడుతుంది. చరిత్ర క్లాసు ఉంది కదా, అదే తేడా.

మల్లెపందిరి

ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్కటి అడుగుతాను. ఎలాగోలా గట్టెక్కి 1932లోనో 1933లోనో చదువు ముగించిన అమ్మాయి బయటికి వచ్చి ఏం చేసింది?

పొద్దుతిరుగుడు

చదువుకున్న ఆడపిల్లకి అప్పట్లో ముందుగా కనిపించే ఉద్యోగం టీచరే. ఆ తలుపూ సగం మూసేశారు. ‘ఇంటికి ఒక్క జీతం చాలు’ అన్న వాదన బాగా బలంగా ఉండేది. 1930-31లో అమెరికా జాతీయ విద్యా సంఘం చేసిన సర్వేలో 77 శాతం స్కూల్ బోర్డులు పెళ్లైన ఆడవాళ్లని కొత్తగా తీసుకోమన్నాయి. 63 శాతం, టీచరు పెళ్లి చేసుకుంటే తీసేస్తామన్నాయి. 1932లో వచ్చిన ఎకానమీ చట్టం వల్ల ప్రభుత్వ ఉద్యోగాల్లో భార్యాభర్తలిద్దరూ ఉంటే ముందు ఒకరిని తీసేసేవారు. అలా మానేసినవాళ్లలో ఎక్కువ మంది భార్యలే.

అందుకని చాలా మంది పెళ్లి వాయిదా వేసుకున్నారు. దేశం మొత్తం మీద ఆ ఏళ్లలో పెళ్లిళ్లు, పుట్టుకలు తగ్గాయి. ఉద్యోగం నిలుపుకోవాలంటే పెళ్లి ఉండదు, పెళ్లి చేసుకుంటే చదువుకున్న చదువుకి పని ఉండదు. ఇంత కష్టపడి చదివించిన అమ్మానాన్నలకి కూడా ఇది మింగుడుపడని విషయమే.

లెక్కలమాస్టారు

పొద్దుతిరుగుడు గారు చెప్పినదానికి ఎదురు దిశలో నడిచిన లెక్క కూడా ఒకటుంది. పనులు లేవు కాబట్టి పిల్లలు స్కూల్లోనే ఎక్కువ కాలం ఉండిపోయారు. అమెరికాలో హైస్కూలు విద్యార్థులు 1930లో 44 లక్షలు ఉంటే 1940కి 65 లక్షలు దాటారు. ఫ్యాక్టరీ గేటు మూసుకుంటే క్లాసు గది తలుపు దగ్గర రద్దీ పెరిగింది. 1932లో వెర్మాంట్‌లో బెన్నింగ్టన్ అని ఆడపిల్లల కాలేజీ ఒకటి కొత్తగా కూడా తెరిచారు, 87 మందితో.

ఇక మల్లెపందిరి గారి మొదటి ప్రశ్న, ఎవరి డబ్బుతో అన్నది. 1935 జూన్ దాకా జవాబు స్కూలు, టీచరు, బంధువులు, పిల్ల చేతి పని. ఆ నెలలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం యువతకి సాయం చేయడానికి నేషనల్ యూత్ అడ్మినిస్ట్రేషన్ అనే సంస్థ పెట్టింది. అవసరం ఉన్న హైస్కూలు పిల్లలకి నెలకి 6 డాలర్ల దాకా, కాలేజీ వాళ్లకి సగటున 15 డాలర్ల దాకా ఇచ్చేవాళ్లు. ఊరికే కాదు, స్కూల్లోనే పని చేయాలి. లైబ్రరీలో పుస్తకాలకి అట్టలు వేయడం, ఆఫీసులో టైపు కొట్టడం, వంటింట్లో సాయం. ఆ సంస్థలో నల్లజాతి విద్యార్థుల విభాగానికి పెద్దగా వచ్చిన మేరీ మెక్‌లియోడ్ బెథూన్ స్వయంగా 1904లో ఐదుగురు ఆడపిల్లలతో, చేతిలో డాలరున్నరతో స్కూలు మొదలుపెట్టిన మనిషి. ఆ ఆరు డాలర్ల విలువ ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆరు డాలర్లతో బోర్డింగ్ ఫీజు తీరదు. బూట్లు, పుస్తకాలు, సెలవులకి ఇంటికెళ్లే ఛార్జీ తీరతాయి. గోరింటాకు గారి ప్రశ్న మాత్రం అక్కడా మిగిలే ఉంది. ఈ డబ్బు అవసరం ఉన్నవాళ్లకే కాబట్టి, లైబ్రరీలో అట్టలు వేస్తున్న పిల్ల ఎందుకు వేస్తోందో తోటివాళ్లందరికీ తెలిసేది.

గోరింటాకు

తెలిసినా జీతం తీసుకునే పని కదండీ. ప్రార్థనలో పేరు చదివించుకోవడం కంటే నేనైతే ఆ అట్టలే వేసేదాన్ని.